తెగిన బోల్టు, తొందరపడని చెయ్యి: ఇంజిన్ మరమ్మతులో భౌతికశాస్త్రం

కారు స్టార్ట్ చేయగానే ఇంజిన్ నుంచి 'టప్ టప్'మనే శబ్దం. ఇంజిన్ వేడెక్కాక అది కాస్త తగ్గుతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గాస్కెట్ పోయిందని చెబుతాడు. గాస్కెట్ పెద్ద ఖరీదేమీ కాదు. కానీ దాన్ని మార్చాలంటే ముందు బోల్టులు విప్పాలి. మొదటి మూడూ వచ్చేశాయి. చివరి దానికి స్పానర్ వేసి లాగగానే 'టక్'మని చిన్న చప్పుడు. బోల్టు తల కింద పడింది. మిగతా ముక్క సిలిండర్ హెడ్‌లోనే ఉండిపోయింది.

వాహనాలు బాగుచేసే ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే. ఇక్కడి నుంచి తీసుకునే నిర్ణయాన్ని బట్టి ఈ పని అరగంటలో తేలిపోవచ్చు, లేదా మొత్తం సిలిండర్ హెడ్ విప్పి లేత్ షాపుకు మోసుకెళ్లాల్సి రావచ్చు. ఆ నిర్ణయానికి చేతి నేర్పు ఒక్కటే చాలదు. ఆ ముక్క లోపల ఎందుకు పట్టుకుని ఉందో అర్థం కావాలి. అది పూర్తిగా భౌతికశాస్త్రం, కొంచెం రసాయనశాస్త్రం.

'ఒక్క బోల్టే కదా, మిగతావి ఉన్నాయిగా' అని వదిలేయడం మంచిది కాదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సిలిండర్ల నుంచి వచ్చే పొగను సేకరించి సైలెన్సర్ వైపు పంపే భాగం. అక్కడ సందు ఏర్పడితే పొగ బానెట్ కిందికి వస్తుంది. అందులో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది కారు లోపలికి చేరితే ప్రాణాపాయం. అంతేకాదు, పొగ ప్రవాహం ఒక్కో తరంగంలా వస్తుంది. రెండు తరంగాల మధ్య పీడనం పడిపోయినప్పుడు అదే సందు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి, ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదని పొరబడుతుంది. దాంతో ఇంజిన్ అనవసరంగా ఎక్కువ ఇంధనం తాగుతుంది.

బోల్టు నిజానికి ఒక స్ప్రింగు

బోల్టు రెండు భాగాలను 'అంటించి' ఉంచుతుందని అనుకుంటాం. అది చేసే పని వేరు. బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంతగా సాగుతుంది. సాగిన స్ప్రింగులా మళ్లీ పొట్టిగా మారాలని చూస్తుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ ఒకదానికొకటి అదిమి పెడుతుంది.

ఉదాహరణకు 8 మిల్లీమీటర్ల బోల్టును (ఎం8 అంటారు) తీసుకుందాం. దాన్ని 25 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే అంత తిప్పే బలంతో బిగిస్తే, మామూలు ఘర్షణ పరిస్థితుల్లో సుమారు 15 వేల న్యూటన్ల లాగుడు పుడుతుంది. ఒకటిన్నర టన్నుల బరువు వేలాడదీసినంత! చిటికెన వేలు కంటే సన్నని ఇనుప కడ్డీ ఇంత బరువు మోస్తోంది.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. మనం స్పానర్‌పై పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. మరో 40 శాతం మరచుట్ల మధ్య ఘర్షణకు ఖర్చవుతుంది. బోల్టును సాగదీయడానికి ఉపయోగపడేది 10 శాతం మాత్రమే. ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. తెగిన ముక్కను తీసేటప్పుడు ఇదే మనకు దారి చూపిస్తుంది.

ఎందుకు పట్టేస్తుంది?

ఇనుము తుప్పు పట్టినప్పుడు పుట్టే ఆక్సైడ్లు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. తుప్పు రకాన్ని బట్టి ఇది రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఉంటుంది. మరచుట్ల మధ్య ఖాళీ చాలా తక్కువ. ఆ ఇరుకులో తుప్పు ఉబ్బితే బోల్టు ఆప్పు కొట్టినట్టు బిగుసుకుపోతుంది.

నేటి పెట్రోలు కార్లలో చాలావాటికి సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేస్తారు. బోల్టు మాత్రం ఉక్కుది. ఈ రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తేమ చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఈ జంటలో నష్టపోయేది అల్యూమినియం. అది కరిగి తెల్లని పొడిగా మారి మరచుట్లను నింపేస్తుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో తిరిగే బండ్లకు ఉప్పుగాలి ఈ పని ఇంకా తేలిక చేస్తుంది.

వీటికి తోడు వేడి. పెట్రోలు ఇంజిన్‌పై భారం పెరిగినప్పుడు ఎగ్జాస్ట్ వాయువు ఉష్ణోగ్రత 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న పోత ఇనుము మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. పక్కనే నీటితో చల్లబడే సిలిండర్ హెడ్ సాగేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ తేడాను భరించాల్సింది బోల్టులే. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అవి అటూ ఇటూ వంగుతాయి. మధ్యలో ఉన్నవాటి కంటే రెండు చివర్లలో ఉన్నవాటిపై ఈ కదలిక ఎక్కువ. అందుకే మానిఫోల్డ్‌లో చివరి బోల్టులే తరచుగా తెగుతుంటాయి.

ముందు చూడాల్సింది: ఎలా తెగింది?

డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు టార్చి వేసి తెగిన ముఖాన్ని చూడాలి. ఆ ముఖంలో సగం నునుపుగా, ఆల్చిప్పపై గీతల్లాంటి వంకర గీతలతో ఉండి, మిగతా సగం గరుకుగా ఉంటే అది లోహ అలసట. పగులు చాలాకాలంగా కొంచెం కొంచెం పాకి, చివరికి ఒకరోజు తెగింది. ఇలాంటప్పుడు మరచుట్లు పట్టేసి ఉండాలని లేదు. బోల్టు తల పోయింది కాబట్టి దాని కింది ఘర్షణ పోయింది. లాగుడూ పోయింది. మిగిలిన ముక్క వదులుగానే ఉండవచ్చు. సన్నని పంచ్‌ను అంచున ఆనించి మెల్లగా తట్టినా తిరిగి బయటకు వచ్చేయవచ్చు.

ముఖం చదునుగా, సుడి తిరిగినట్టు ఉంటే కథ వేరు. విప్పేటప్పుడు మెలితిరిగి తెగిందన్నమాట. తుప్పు పట్టు బోల్టు బలాన్ని మించిపోయింది. సాధారణంగా వాడే 8.8 తరగతి ఎం8 బోల్టు మెలిక వల్ల తెగడానికి కనీసం 33 న్యూటన్ మీటర్లు కావాలి. ఇది పెద్ద సంఖ్య అనిపించవచ్చు. 20 సెంటీమీటర్ల స్పానర్ చివర 17 కిలోల బరువంత బలం పెడితే చాలు. స్పానర్‌కు 60 సెంటీమీటర్ల పైపు తొడిగితే 6 కిలోలు కూడా అక్కర్లేదు. పైపు తొడిగిన చేతికి బోల్టు తెగుతున్న సంగతే తెలియదు.

నూనెకు సమయం ఇవ్వండి

మొదటి మందు నూనె. కిరోసిన్ లాంటి పలుచని ద్రవం సన్నని సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కేది కూడా ఈ కేశనాళికీయత వల్లే. మామూలు ఇంజిన్ ఆయిల్ చిక్కదనం కిరోసిన్ కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి ఈ పనికి అది సరిపడదు. చాలా షెడ్లలో కనిపించే డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా తేమను తరిమేందుకు తయారు చేశారు. తుప్పు పట్టిన బోల్టులు విప్పడానికే చేసిన ప్రత్యేక ద్రవాలు వేరే దొరుకుతాయి.

ద్రవం సందులోకి వెళ్లే దూరం సమయపు వర్గమూలంతో పెరుగుతుంది. అంటే మొదటి 5 మిల్లీమీటర్లకు ఒక గంట పట్టిందనుకుంటే, 10 మిల్లీమీటర్లు చేరడానికి నాలుగు గంటలు, 15 మిల్లీమీటర్లకు తొమ్మిది గంటలు కావాలి. నూనె కొట్టి ఐదు నిమిషాల్లో స్పానర్ పట్టుకుంటే తడిసింది పై చుట్టు మాత్రమే. రాత్రి కొట్టి ఉదయం విప్పమని అనుభవజ్ఞులైన మెకానిక్‌లు చెప్పేది ఇందుకే.

మధ్యమధ్య సుత్తితో మెల్లగా తట్టడం కూడా అర్థం లేని పని కాదు. తుప్పు రాయిలాంటిది. అదిమితే ఓర్చుకుంటుంది, అదిరితే పగులుతుంది. ఆ పగుళ్లలోకి నూనె దిగుతుంది.

వేడి ఎవరికి పెట్టాలి?

అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. హెడ్‌ను 150 డిగ్రీలు వేడి చేస్తే 8 మిల్లీమీటర్ల రంధ్రం అందులోని బోల్టు కంటే సుమారు 13 మైక్రాన్లు ఎక్కువ పెరుగుతుంది. తల వెంట్రుక మందంలో ఇది ఐదో వంతు. అయినా తుప్పు పట్టు సడలడానికి ఇది తక్కువేమీ కాదు. అయితే అల్యూమినియం ఎర్రబడదు. రంగు చూసి వేడి అంచనా వేయలేం. మంట ఒకేచోట ఎక్కువసేపు పెడితే హెడ్ వంకర పోవచ్చు, కరగవచ్చు కూడా.

హెడ్ పోత ఇనుముదైతే ఈ ఉపాయం అంతగా పనిచేయదు. రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. అక్కడ వేడిని బోల్టుకే పెట్టాలి. చుట్టూ ఉన్న చల్లని లోహం దాన్ని పక్కలకు పెరగనివ్వదు. వేడికి మెత్తబడిన బోల్టు నలుగుతుంది. చల్లారాక మునుపటి కంటే పిసరంత సన్నబడుతుంది. ఈ క్రమంలో తుప్పు పొర చిట్లుతుంది.

ఒక హెచ్చరిక. నూనె కొట్టిన చోట వెంటనే మంట పెట్టకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ అసలే వద్దు. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

నట్టు వెల్డింగ్: వేడి, పట్టు ఒకేసారి

ముక్క కాస్త బయటకు ఉంటే లాకింగ్ ప్లయర్‌తో పట్టుకోవచ్చు. ఉపరితలానికి సమంగా తెగితే, దానిపై ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ చేయడం చాలా షెడ్లలో మొదటి ఎంపిక. దీనిలో మూడు లాభాలు ఉన్నాయి. వేడి నేరుగా బోల్టులోకే వెళ్తుంది. స్పానర్ వేయడానికి కొత్త తల దొరుకుతుంది. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి సరిగా అతుక్కోదు కాబట్టి హెడ్ మరచుట్లతో కలిసిపోయే భయం తక్కువ.

వెల్డ్ చేశాక కాస్త చల్లారనిచ్చి, ముందు పిసరంత బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, ఇలా అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి. ఒకటి రెండుసార్లు నట్టు ఊడిపోయినా నిరాశ పడనక్కర్లేదు. ప్రతి వెల్డూ మరో విడత వేడి, చల్లదనం ఇచ్చినట్టే. కారుపైనే వెల్డింగ్ చేస్తుంటే ముందుగా బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. లేదంటే ఎలక్ట్రానిక్ భాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఎక్స్‌ట్రాక్టర్ ఎందుకు మోసం చేస్తుంది?

చాలామంది ముందు కొనేది స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్. ముక్క మధ్యలో రంధ్రం చేసి, ఎడమ చుట్లున్న ఈ గట్టి పనిముట్టును దించి తిప్పుతారు. పని చేసినప్పుడు బాగానే ఉంటుంది. చేయనప్పుడు అదే లోపల విరుగుతుంది. అప్పుడు మిగిలేది మామూలు డ్రిల్లు బిట్టు గీత కూడా పెట్టలేనంత గట్టి ఉక్కు.

కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. కడ్డీ మెలిక బలం దాని వ్యాసపు ఘనంతో మారుతుంది. ఎం8 బోల్టు లోపలి వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు. అందులో చేసే రంధ్రం 4 మిల్లీమీటర్లు. ఈ రెండింటి నిష్పత్తిని ఘనం చేస్తే 0.23 వస్తుంది. ఒకే లోహమైతే ఎక్స్‌ట్రాక్టర్‌కు బోల్టు బలంలో నాలుగో వంతు కూడా ఉండదు. దాని ఉక్కు రెట్టింపు గట్టిదైనా సగానికి చేరదు. 33 న్యూటన్ మీటర్లకు కదలకుండా బోల్టే తెగిన చోట, 15 దాటగానే విరిగే పనిముట్టు ఏం చేయగలదు? పైగా మొన తేలిన ఎక్స్‌ట్రాక్టర్ ఆప్పులా దిగి బోల్టును వెలుపలికి ఉబ్బిస్తుంది. పట్టు ఇంకా పెరుగుతుంది.

అలసట వల్ల తెగి వదులుగా ఉన్న ముక్కకు ఎక్స్‌ట్రాక్టర్ మంచి పనిముట్టే. తుప్పు పట్టి మెలితిరిగి తెగిన దానికి మాత్రం ప్రమాదం. తెగిన ముఖం ముందుగా చూడమన్నది ఇందుకే.

డ్రిల్లింగే చేయాల్సి వస్తే ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు మేలు. అది కోసే బలమే బోల్టును విప్పే వైపు తిప్పుతుంది. లోపల ఖాళీ అయ్యేకొద్దీ బోల్టు గోడలు సడలుతాయి కూడా. చాలాసార్లు రంధ్రం పూర్తికాకముందే ముక్క బిట్టుతో పాటు బయటకు వచ్చేస్తుంది. అయితే రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండాలి. ఉక్కు కంటే అల్యూమినియం మెత్తన. బిట్టు కాస్త పక్కకు జరిగితే చాలు, మెత్తని వైపే దూసుకుపోతుంది. తెగిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, వీలుంటే గైడు బుష్ పెట్టి, సన్నని బిట్టుతో మొదలుపెట్టాలి. కళ్లద్దాలు తప్పనిసరి. గట్టి ఉక్కు విరిగితే ముక్కలు ఎగురుతాయి.

నిప్పురవ్వలతో తొలిచే విద్య

ఎక్స్‌ట్రాక్టర్ లోపలే విరిగితే? అప్పటికీ దారి ఉంది. విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కొంచెం కొంచెం కరిగించి తొలగించే పద్ధతిని ఈడీఎం లేదా స్పార్క్ ఎరోజన్ అంటారు. సోవియట్ శాస్త్రవేత్త దంపతులు బోరిస్, నతాలియా లాజరెంకో రెండో ప్రపంచ యుద్ధకాలంలో విద్యుత్ కాంటాక్టులు రవ్వల వల్ల అరిగిపోకుండా చూసే పనిలో ఉన్నారు. ఆ అరుగుదలనే అదుపులో పెట్టి లోహాన్ని చెక్కవచ్చని 1943లో చూపించారు. దాదాపు అదే సమయంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ విడిగా ఇలాంటి యంత్రమే తయారుచేశారు. వారికి వచ్చిన సమస్య ఏమిటో తెలుసా? అల్యూమినియం పోతల్లో విరిగిపోయిన డ్రిల్లు బిట్లను, ట్యాపులను బయటకు తీయడం!

ఈ పద్ధతిలో పనిముట్టు లోహాన్ని తాకదు, తిప్పదు, నొక్కదు. కాబట్టి ఎంత గట్టి ఉక్కు అన్నది లెక్కలోకి రాదు. విద్యుత్తు ప్రవహిస్తే చాలు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మెషిన్ షాపుల్లో ఈ సౌకర్యం ఎక్కడుందో వాకబు చేయడం, హెడ్‌ను ఇంకా పాడుచేసుకోవడం కంటే చవక.

గడియారాలు బాగుచేసేవారి దగ్గర ఇంకో నిశ్శబ్ద పద్ధతి ఉంది. ఇత్తడి పలకలో ఉక్కు స్క్రూ విరిగితే పలకను వేడి పటిక నీటిలో ఉంచుతారు. ఆమ్ల గుణమున్న ఆ నీరు ఉక్కును నెమ్మదిగా కరిగిస్తుంది, ఇత్తడిని వదిలేస్తుంది. ఇంజిన్‌కు ఇది పనికిరాదు. పోత ఇనుము హెడ్‌ను ఉక్కులాగే తినేస్తుంది, అల్యూమినియాన్నీ పూర్తిగా వదలదు.

మరచుట్లు పోతే హెడ్ పోయినట్టు కాదు

ముక్క వచ్చినా హెడ్‌లోని మరచుట్లు దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్టను అందులోకి ఎక్కిస్తారు. హెలికాయిల్ పేరుతో ఇది అందరికీ తెలుసు. పాత కొలత బోల్టే మళ్లీ సరిపోతుంది. అల్యూమినియంలో కోసిన కొత్త మర వ్యాసం పెద్దది కాబట్టి బలం ఎక్కువ చోట పంచుకుంటుంది. సరిగ్గా వేస్తే ఈ మర అసలుదాని కంటే గట్టిగా ఉంటుంది.

మళ్లీ ఈ అవస్థ రాకుండా

కొత్త బోల్టు వేసే ముందు రంధ్రాన్ని శుభ్రం చేయాలి. అడుగున నూనె నిలిస్తే బోల్టు దిగేటప్పుడు అది పిచికారీలా పనిచేసి హెడ్‌ను పగలగొట్టగలదు. వేడి భాగాల కోసం రాగి లేదా నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు దొరుకుతుంది. పలుచగా రాస్తే చాలు. అయితే పేస్టు రాస్తే ఘర్షణ తగ్గుతుంది. అదే టార్క్‌కు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. ఘర్షణ నాలుగో వంతు తగ్గితే లాగుడు మూడో వంతు పెరుగుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ పొడి బోల్టుకా, పేస్టు రాసినదానికా అన్నది చూసుకోవాలి. బిగింపు టార్క్ రెంచ్‌తోనే చేయాలి. మానిఫోల్డ్‌కు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ఇక విప్పేటప్పుడు బోల్టు కదలడానికి మొరాయిస్తే, అది మనకు ముందే చెబుతోందని అర్థం. స్పానర్‌కు పైపు తొడగడం ఆ మాట వినకపోవడమే. అక్కడ ఆగి, నూనె కొట్టి, కొంచెం వేడి పెట్టి, రేపటిదాకా ఆగగలిగితే ఇంతవరకూ చెప్పుకున్న డ్రిల్లు, వెల్డింగ్, నిప్పురవ్వల అవసరమే చాలాసార్లు రాదు.